చీలమండ బెణికితే: గ్రౌండ్‌లో మొదటి పది నిమిషాల నుంచి మళ్ళీ ఆటలోకి దిగే దాకా

వాలీబాల్ ఆడే ఏ ఊరి గ్రౌండ్‌కి వెళ్ళినా ఒక్క కాలికే యాంక్లెట్ తొడుక్కున్నవాళ్ళు ఇద్దరైనా కనిపిస్తారు. అడిగితే "ఈ కాలు ఎప్పుడూ ఇంతే అన్నా, మాటిమాటికీ మడతపడుతుంది" అంటారు. అదేదో పుట్టుకతో వచ్చిన బలహీనత అన్నట్టు చెబుతారు గానీ, చాలామంది విషయంలో జరిగింది వేరు. మొదటిసారి బెణికినప్పుడు వాపు దిగేదాకా ఆగారు, నొప్పి పోగానే ఆటలోకి దిగిపోయారు. ఆ తర్వాత చేయాల్సిన పని మిగిలిపోయింది. డబ్లిన్‌లో పరిశోధకులు మొదటిసారి చీలమండ బెణికిన 82 మందిని ఏడాది పాటు గమనించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత కూడా వాళ్ళలో 40 శాతం మందికి కాలు నిలకడగా లేదు.

ఆ మిగిలిపోయే పని ఏమిటో, ఎప్పుడు ఎంత చేయాలో వరసగా చెప్పడానికే ఇది రాస్తున్నాను. కబడ్డీ, వాలీబాల్, బ్యాడ్మింటన్, క్రికెట్ ఆడేవాళ్ళకీ, వాళ్ళ పీఈటీ మాస్టార్లకీ, ఇంట్లోవాళ్ళకీ పనికొస్తుంది.

లోపల ఏం జరుగుతుంది

చీలమండకు బయటి వైపు, అంటే చిటికెన వేలి వైపు, మూడు లిగమెంట్లు ఉంటాయి. ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీలవి. స్మాష్ కొట్టి కిందికి దిగేటప్పుడు మన పాదం ఎదుటివాడి పాదం మీద పడిందనుకోండి. అప్పటికి వేళ్ళు కిందికి చూస్తుంటాయి, అరికాలు లోపలికి తిరుగుతుంది, ఒంటి బరువంతా బయటి అంచు మీద పడుతుంది. చీలమండ కీలు ఎముక ముందు వెడల్పుగా, వెనక సన్నగా ఉంటుంది కాబట్టి వేళ్ళు కిందికి వంగినప్పుడు కీలుకు ఎముకల ఆసరా బాగా తగ్గిపోతుంది. భారమంతా లిగమెంట్ల మీదే. మూడింటిలో ముందు వైపు ఉన్నది అన్నిటికన్నా సన్నది, అందుకే ముందు తెగేది అదే. దెబ్బ గట్టిగా ఉంటే రెండోది కూడా పోతుంది. మూడోది తెగడం అరుదు.

లిగమెంటును పురికొస అనుకోండి. పోగులు సాగి, ఒకటీ అరా తెగితే మొదటి స్థాయి. సగం దాకా తెగితే రెండోది. మొత్తం తెగిపోతే మూడోది. నొప్పిని బట్టి స్థాయి చెప్పడం కుదరదు. కొందరికి లిగమెంటు పూర్తిగా తెగినా రెండో రోజుకే నొప్పి తగ్గినట్టుంటుంది.

తెగేవి పోగులు మాత్రమే అయితే ఇంత చెప్పాల్సిన పని లేదు. లిగమెంటులో సన్నటి నరాల కొసలుంటాయి. పాదం ఏ కోణంలో ఉంది, నేల వాలుగా ఉందా, బరువు ఎటు ఒరిగింది అన్న సమాచారాన్ని కన్నుతో పని లేకుండా మెదడుకు చేరవేసేవి అవే. బెణికినప్పుడు అవీ దెబ్బతింటాయి. లిగమెంటు అతుక్కుంటుంది, నొప్పి పోతుంది, ఈ సమాచారం మాత్రం మందగిస్తుంది. సాధన చేస్తే తప్ప అది పాత స్థితికి రాదు. గైడ్ మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

మొదటి పది నిమిషాలు

కలుక్కుమంది, పడిపోయారు. చుట్టూ మూగినవాళ్ళు మొదట చేసేది కాలు పట్టుకుని లాగడం, లేకపోతే "ఏం కాదు రా, లేచి నడువు" అంటూ చేతులు పట్టి లేపడం. రెండూ వద్దు. పడ్డవాణ్ణి ఉన్నచోటే కూర్చోనివ్వండి. షూ లేసులు వదులు చేయండి, మేజోడు తీసి రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

పాదం వంకరగా, సహజం కాని కోణంలో ఉందా? చర్మం చీలి రక్తం వస్తోందా? వేళ్ళు చల్లబడ్డాయా, తిమ్మిరెక్కాయా, పాలిపోయాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సరిచేయాలని చూడకండి. అట్టముక్కో ప్యాడో రెండు వైపులా పెట్టి, కదలకుండా కట్టి 108కి ఫోన్ చేయండి. అలాంటివేమీ లేకపోతే కాలు ఎత్తు మీద పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. మొదటి షాక్ తగ్గాక ఇద్దరి భుజాల ఆసరాతో లేపి, నాలుగడుగులు వేయగలడేమో చూడండి. ఆ నాలుగడుగులకు ఒక లెక్క ఉంది.

ఆ రోజుకి ఆట ఆగిపోయినట్టే. సంక్రాంతి టోర్నమెంట్ ఫైనలైనా, పెయిన్‌కిల్లర్ ఇంజెక్షన్ వేయిస్తామని ఎవరు ముందుకొచ్చినా ఒప్పుకోకండి. సగం తెగిన లిగమెంటు మీద నొప్పి తెలియకుండా ఆడితే పూర్తిగా తెగేదాకా ఆడినట్టే అవుతుంది.

ఎక్స్‌రే తీయించాలా?

కెనడాలోని ఒట్టావాలో డాక్టర్ ఇయాన్ స్టియెల్, ఆయన సహచరులు 1992లో కొన్ని సూత్రాలు తయారుచేశారు. ప్రపంచమంతా వాటిని ఒట్టావా చీలమండ సూత్రాలు అంటుంది. ఎముక విరిగినవాళ్ళను ఇవి దాదాపుగా వదిలిపెట్టవని ఆ తర్వాత జరిగిన ఎన్నో పరిశీలనల్లో తేలింది. ఇంట్లోవాళ్ళు కూడా చూడగలిగినంత సులువు. వేలితో మెల్లగా నొక్కి చూడాల్సిన చోట్లు నాలుగు:

- బయటి వైపు చీలమండ ఎముక కింది కొస, అక్కడి నుంచి పైకి 6 సెంటీమీటర్ల దాకా వెనక అంచు
- లోపలి వైపు చీలమండ ఎముకకు కూడా అలాగే
- పాదం బయటి అంచున, చిటికెన వేలికీ మడమకూ మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక
- పాదం లోపలి వైపు, వంపుకు పైన, చీలమండకు కాస్త ముందున్న ఎముక

ఈ చోట్ల ఎముక మీద నొక్కినప్పుడు నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. దెబ్బ తగిలినప్పుడూ, డాక్టరు చూసేటప్పుడూ నాలుగడుగులు వేయలేకపోయినా తీయించాలి. కుంటుతూ వేసినా అడుగు అడుగే. ఎముక మీద కాకుండా దాని ముందున్న మెత్తటి చోట నొప్పి, వాపు ఉండి నడవగలుగుతుంటే అది బెణుకే కావచ్చు.

పిల్లల సంగతి వేరు. ఎదిగే వయసులో ఎముక చివర మృదువైన పొర ఉంటుంది. పెద్దవాళ్ళకు లిగమెంటు తెగే దెబ్బకే పిల్లలకు ఆ పొర దెబ్బతినొచ్చు. హైస్కూలు పిల్లవాడికి బయటి ఎముక మీద నొప్పి ఉంటే "బెణుకే" అని ఇంట్లో తేల్చేయకండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళ విషయంలోనూ ఈ సూత్రాలను నమ్ముకోకూడదు.

బెణుకులా కనిపించి మోసం చేసేవి మరో రెండున్నాయి. ఒకటి, చీలమండకు పైన రెండు కాలి ఎముకలను కలిపే లిగమెంటు తెగడం. పాదం నేలకు అతుక్కుపోయి ఒళ్ళు తిరిగినప్పుడు ఇది జరుగుతుంది, కబడ్డీలో రైడర్ కాలు పట్టులో ఇరుక్కుని మీద ఇద్దరు పడ్డప్పుడు లాగా. వాపు పెద్దగా ఉండదు, కానీ పిక్క మధ్యలో రెండు వైపుల నుంచి నొక్కితే నొప్పి కింద చీలమండ పైన తెలుస్తుంది. ఇది మామూలు బెణుకు కన్నా చాలా ఆలస్యంగా మానుతుంది, ఒక్కోసారి ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఆర్థో డాక్టరుకు చూపించి తీరాలి.

రెండోది, ఒక్క దెబ్బతో కాకుండా రోజూ పడే భారం వల్ల ఎముకలో వచ్చే సన్నటి పగులు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో పి.వి. సింధు నొప్పితోనే ఆడి బంగారు పతకం గెలిచింది. తిరిగొచ్చాక స్కాన్‌లో ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ బయటపడింది. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమై, మళ్ళీ 2023 జనవరిలో కోర్టులోకి దిగింది. మడతపడిన గుర్తే లేకుండా ఒకే చోట నొప్పి వారాల తరబడి ఉంటే, ఆడేకొద్దీ పెరుగుతుంటే ఈ అనుమానం రావాలి. మొదటి రోజుల్లో ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు కూడా.

మన వైపు కట్టు మాటెత్తితే పుత్తూరు గుర్తొస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే కట్టు మీద తరతరాల నమ్మకం ఉంది, దాన్ని కించపరచడం నా ఉద్దేశం కాదు. అక్కడికైనా, మీ ఊళ్ళో కట్టు కట్టే పెద్దాయన దగ్గరికైనా వెళ్ళే ముందు ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించండి. ఎముక విరిగిందో లేదో తెలియకుండా లాగి సరిచేయనివ్వొద్దు.

మొదటి మూడు రోజులు

1978లో అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్ "రైస్" అనే పద్ధతి చెప్పాడు: విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం. ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా అదే పాటించింది. 2014లో ఆయనే ముందుకొచ్చి, ఐసూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయొచ్చని రాశాడు. ఇప్పుడు చాలామంది ఫిజియోలు ఐసును నొప్పి తగ్గించే సాధనంగానే చూస్తారు. నా లెక్క కూడా అదే. మొదటి రెండు రోజులు నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు ఐసును గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి, గంటల తరబడి కాదు. నేరుగా చర్మానికి తగలనివ్వకండి.

ఐసు కన్నా ముఖ్యమైనది కట్టు. పెద్దవాళ్ళకు 10 సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజ్ తీసుకోండి. పాదం నేల మీద నిలబడ్డప్పటిలా నిటారు కోణంలో ఉంచాలి. వేళ్ళ మొదలు దగ్గర రెండు చుట్లు వేయండి. అక్కడి నుంచి పాదం మీదుగా ఏటవాలుగా చీలమండ వెనక్కి, వెనక నుంచి చుట్టి తెచ్చి మళ్ళీ పాదం కిందికి, 8 అంకె వేసినట్టు చుడుతూ పోండి. ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి. బిగింపు వేళ్ళ దగ్గర ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా ఉండాలి. తిరగేసి కడితే నీరు పాదంలోనే ఆగిపోయి వేళ్ళు ఉబ్బుతాయి. చీలమండకు బెత్తెడు పైన ఆపి క్లిప్పు పెట్టండి. తర్వాత బొటనవేలి గోరును నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. ఆలస్యమైనా, వేళ్ళు చిమచిమలాడినా విప్పి మళ్ళీ కట్టండి. రాత్రి పడుకునే ముందు వదులు చేయండి.

కాలిని ఎత్తి పెట్టడమంటే స్టూలు మీద పెట్టుకుని కూర్చోవడం కాదు. పడుకుని, పిక్క కింద రెండు దిండ్లు పెట్టి, పాదం గుండె కన్నా ఎత్తులో ఉండేలా చూసుకోవాలి.

ఈ మూడు రోజులూ వద్దన్నవి వినండి. తైలం పెట్టి గట్టిగా రుద్దడం వద్దు, లోపల తెగిన చోట రక్తం ఇంకా ఊరుతూ ఉంటుంది. వేడి కాపడం వద్దు. చింతపండు గుజ్జులో ఉప్పు వేసి కాచి పెట్టే పట్టు, పసుపూ సున్నం పట్టు వేస్తామని పెద్దవాళ్ళు అంటారు. వేడివేడిగా వేయనివ్వకండి. సున్నం చర్మాన్ని పొక్కించవచ్చు. పొక్కులు లేచిన చర్మం మీద తర్వాత కట్టు కట్టడం కూడా కష్టమవుతుంది. అమ్మమ్మ మాట కాదనలేకపోతే నాలుగో రోజు దాటాక, చల్లారిన పట్టు పలచగా వేయమనండి.

మందుల విషయానికొస్తే, డైక్లోఫెనాక్ జెల్ పైపైన రాస్తే నొప్పికి బాగానే పనిచేస్తుంది. మింగే మాత్ర కావాలంటే పారాసిటమాల్‌తో మొదలుపెట్టండి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు మిగతా నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

నడక పూర్తిగా ఆపేయాల్సిన అవసరం లేదు. కుంటకుండా నడవలేకపోతే చేతికర్ర వాడండి, దెబ్బ తగిలిన కాలికి ఎదురు చేతిలో. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బాగాలేని కాలు ముందు.

నాలుగో రోజు నుంచి: కదలిక

నాలుగో రోజో ఐదో రోజో మళ్ళీ డాక్టరుకు చూపించుకోవడం మంచిది. వాపు, నొప్పి ఎక్కువగా ఉన్న మొదటి రోజు లిగమెంటు ఎంత తెగిందో చేత్తో చూసి చెప్పడం కష్టం. ఈ సమయానికి తేలికగా తెలుస్తుంది. పూర్తిగా తెగి బరువే మోపలేకపోతుంటే పది రోజుల పాటు మోకాలి కింది దాకా కట్టో, గట్టి బ్రేసో (కీలును పట్టి ఉంచే తొడుగు) వేయొచ్చు. తీవ్రమైన బెణుకులున్న 584 మందిపై ఇంగ్లండ్‌లో చేసిన పరిశోధన 2009లో వచ్చింది. ఉట్టి సాగే పట్టీ వేసుకున్నవాళ్ళ కన్నా ఇలా పది రోజులు కట్టులో ఉన్నవాళ్ళు త్వరగా కోలుకున్నారని అందులో తేలింది. పది రోజులని గుర్తుపెట్టుకోండి. నెలన్నర పాటు పిండికట్టులో పెడితే పిక్క సన్నబడిపోతుంది, కీలు బిగుసుకుపోతుంది.

మిగతావాళ్ళు ఇప్పుడే కదలిక మొదలుపెట్టాలి. కుర్చీలో కూర్చుని కాలు చాపి, బొటనవేలితో గాలిలో అ ఆ ఇ ఈ రాయండి. మన అక్షరాలన్నీ గుండ్రంగా ఉంటాయి కాబట్టి కీలు అన్ని వైపులా తిరుగుతుంది. అరికాలు లోపలికి మరీ తిరిగే చోట నొప్పి వస్తే అక్షరాన్ని చిన్నది చేయండి. రోజుకు నాలుగైదు సార్లు.

వారం దాటాక గోడ దగ్గరి వ్యాయామం మొదలవుతుంది. గోడకు ఎదురుగా నిలబడి, బొటనవేలు గోడకు కాస్త దూరంలో పెట్టి, మడమ నేల మీంచి లేవకుండా మోకాలిని గోడకు తాకించండి. తాకగలిగితే పాదాన్ని ఒక సెంటీమీటరు వెనక్కి జరపండి. మడమ లేవకుండా ఎంత దూరం పోగలరో టేపుతో కొలిచి రాసుకోండి, రెండో కాలికీ కొలవండి. ఈ తేడా తగ్గడమే మీ ప్రగతి. చీలమండ ముందుకు వంగడం తిరిగి రాకుండా పరుగు, దూకుడు మొదలుపెట్టినవాళ్ళకు మోకాలి నొప్పులు కూడా వస్తాయి.

మన ఇళ్ళలో ఒక ఇబ్బంది ఉంది. బాసింపట్టు వేసుకుని కింద కూర్చుంటే చీలమండ బయటి వైపు నేలకు ఒత్తుకుని, మానుతున్న లిగమెంటు సరిగ్గా అదే దిశలో సాగుతుంది. మొదటి మూడు వారాలు భోజనానికీ పూజకూ కుర్చీ వేసుకోండి. ఎడమ కాలు బెణికితే బైకు గేర్లు కూడా వద్దు. వేళ్ళు కిందికీ పైకీ తన్నే ఆ కదలికకు కాలు ఇంకా సిద్ధంగా ఉండదు. కుడి కాలైతే బ్రేకు సమయానికి పడదు.

బలం

కుంటకుండా నడవగలుగుతున్నారంటే బలం పెంచే వ్యాయామాలకు వేళయింది. రబ్బరు బ్యాండు కొనక్కర్లేదు, పాత సైకిల్ ట్యూబును నిలువుగా కోస్తే చాలు. ఒక కొసను మంచం కోడుకు కట్టి, రెండో కొసను పాదం ముందు భాగానికి తగిలించి, పాదాన్ని బయటికి తిప్పండి. తిప్పడం కన్నా మెల్లగా వెనక్కి తేవడం ముఖ్యం, మూడు లెక్కపెట్టేంత సేపు తీసుకోవాలి. 15 సార్లు చొప్పున మూడు దఫాలు. బయటికి తిప్పే ఈ కండరాలే పాదం మడతపడకుండా ఆపేవి.

తర్వాత పిక్క. గోడ పట్టుకుని రెండు మడమలూ లేపడంతో మొదలుపెట్టి, ఒంటికాలి మీదికి మారండి. మడమ పూర్తిగా పైకి లేవాలి, మోకాలు వంగకూడదు. బాగున్న కాలితో ఎన్నిసార్లు లేవగలరో ఇదీ అన్నిసార్లు లేవాలి. ఆరోగ్యంగా ఉన్న యువ ఆటగాడికి 25 దాకా రావాలి. ఎనిమిదికే వణికిపోయి, పదికి ఆగిపోతే ఆటకు సిద్ధం కానట్టే. పక్కకు పడుకుని కాలు పైకెత్తే తుంటి వ్యాయామాన్ని కూడా కలుపుకోండి.

బ్యాలెన్స్: అందరూ వదిలేసే భాగం

వాపు లేదు, నొప్పి లేదు, మడమ 25 సార్లు లేస్తోంది. ఇక్కడే అందరూ ఆగిపోతారు. చెప్పులు విప్పి, గోడకు మూరెడు దూరంలో, బెణికిన కాలి మీద ఒంటికాలితో నిలబడండి. తల వంచి పాదాన్ని చూడండి. చీలమండ ముందున్న తీగల్లాంటి కండర బంధనాలు ఒకటి తర్వాత ఒకటి లేచి పడుతుంటాయి, వేళ్ళు నేలను గీరుతున్నట్టు ముడుచుకుంటాయి, పాదం బయటి అంచుకీ లోపలి అంచుకీ ఊగుతుంటుంది. ఇప్పుడు రెండో కాలి మీద నిలబడండి. ఆ తేడాయే ఈ సాధనకు కారణం.

నెదర్లాండ్స్ పరిశోధకులు అంతకు కొద్ది ముందే చీలమండ బెణికిన 522 మంది క్రీడాకారులను తీసుకుని, సగం మందికి మామూలు చికిత్సతో పాటు ఎనిమిది వారాలు ఇంట్లోనే బ్యాలెన్స్ సాధన ఇచ్చారు. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట మించకుండా. ఏడాదిలో మళ్ళీ బెణికినవాళ్ళు సాధన చేయని గుంపులో 33 శాతం, చేసిన గుంపులో 22 శాతం. 2009లో వచ్చిన ఈ ఫలితం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు, పల్లెలో ఉన్న కుర్రాడు కూడా చేసుకోగలడు.

మొదటి రెండు వారాలు: గట్టి నేల మీద, కళ్ళు తెరిచి, 30 సెకన్ల చొప్పున ఐదారు సార్లు. మోకాలు కొద్దిగా వంచండి. వేళ్ళు ముడుచుకుంటుంటే కావాలని వదులు చేసి పరచండి. సులువయ్యాక తలను అటూ ఇటూ తిప్పుతూ నిలబడండి, తర్వాత బంతిని గోడకు కొట్టి పట్టుకుంటూ.

మూడు, నాలుగు వారాలు: కళ్ళు మూసుకుని. చేతికి అందేలా గోడ ఉండాలి. మొదటిసారి ఐదు సెకన్లు కూడా నిలవలేరు, కంగారు పడకండి. కన్ను లేనప్పుడు కీలు ఇచ్చే సమాచారం మీదే ఆధారపడాలి, మనకు కావాల్సింది అదే.

ఐదు, ఆరు వారాలు: మడిచిన బొంత మీద లేదా గట్టి దిండు మీద. నేలకు మూడు దిక్కులా టేపు అంటించి, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో ముందుకు, వెనక కుడికి, వెనక ఎడమకు ఎంత దూరం అందుకోగలరో అందుకోండి. ముందు దిక్కున రెండు కాళ్ళకూ 4 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ తేడా ఉంటే ఇంకా పని మిగిలినట్టే.

ఏడు, ఎనిమిది వారాలు: మీ ఆట కలపండి. వాలీబాల్ వాళ్ళు ఒంటికాలి మీద పాస్‌లు తీయాలి. రైడర్లు ఒంటికాలి మీద నిలబడి ఉండగా జతగాడు నడుముకు కట్టిన తువ్వాలును హఠాత్తుగా అటూ ఇటూ లాగాలి. బ్యాడ్మింటన్ వాళ్ళు షాడో స్ట్రోక్ కొట్టి, దిగిన కాలి మీదే రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి.

ఈ నాలుగు దశలూ మొదలుపెట్టడానికి బలం వ్యాయామాలు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. బరువు మోపగలిగిన రోజు నుంచే మొదటిది చేయొచ్చు. ఆటలోకి దిగాక కూడా ఎనిమిది వారాలు పూర్తయ్యేదాకా కొనసాగించండి.

పరుగు, దూకుడు

అరగంట వేగంగా నడిచినా నొప్పి రాకపోతే, ఒంటికాలి మీద నాలుగు గెంతులు వేయగలిగితే జాగింగ్ మొదలుపెట్టొచ్చు. ముందు సూటిగా, తర్వాత వేగం పెంచుతూ ఆగుతూ, ఆ తర్వాత పెద్ద 8 ఆకారంలో, చివరికి వంకరటింకరగా. ప్రతి కొత్త దశ తర్వాతా మర్నాడు పొద్దున చూసుకోండి. వాపు పెరిగిందా, మొదటి అడుగులకే పట్టేస్తోందా? అలా ఉంటే ఒక దశ వెనక్కి వెళ్ళండి. ఆడుతున్నప్పుడు నొప్పి లేకపోవడం కన్నా మర్నాటి పొద్దుటి వాపు నమ్మదగిన గుర్తు.

వాలీబాల్ వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. బెణుకులు ఎక్కువగా జరిగేది నెట్ కిందే. పాదంలో కొంత భాగం మధ్య గీత మీదో, గీతకు సరిగ్గా పైనో ఉన్నంత వరకు పాదం అవతలికి వెళ్ళినా నిబంధన ఒప్పుకుంటుంది, అందుకే పాదాల మీద పాదాలు పడతాయి. స్మాష్‌కు వచ్చేటప్పుడు చివరి అడుగును పొడవుగా వేసి, ముందుకు కాకుండా నిలువుగా ఎగరడం నేర్చుకోండి. నార్వేలో ఈ టెక్నిక్ శిక్షణ, బ్యాలెన్స్ సాధన కలిపి ఇచ్చినప్పుడు చీలమండ గాయాలు బాగా తగ్గాయి. మన కోచ్‌లు చేయి ఎంత ఎత్తులో తగులుతుందో చూస్తారు, పాదాలు ఎక్కడ దిగుతున్నాయో కూడా చూడాలి.

దిగొచ్చా?

వారాల లెక్క ఉజ్జాయింపే. తేలిక బెణుకు ఒకటి రెండు వారాలు, మధ్యస్థం మూడు నుంచి ఆరు, పూర్తిగా తెగితే రెండు మూడు నెలలు లేదా ఇంకా ఎక్కువ. క్యాలెండర్ కన్నా ఈ పరీక్షలను నమ్మండి:

- గోడ పరీక్షలో రెండు కాళ్ళకూ తేడా 2 సెంటీమీటర్ల లోపు
- ఒంటికాలి మడమ లేపడం రెండు వైపులా సమానం
- ఒంటికాలి గెంతు దూరం బాగున్న కాలితో పోలిస్తే 90 శాతం పైన
- పూర్తి ప్రాక్టీసు రెండు మూడు సార్లు చేసినా మర్నాడు వాపు లేదు
- ఎగిరి దిగేటప్పుడు కాలు గుర్తుకు రావడం లేదు

చివరిది తేలిగ్గా తీసుకోకండి. భయపడుతూ ఎగిరినవాడు ఒక పక్కకు ఒరిగి దిగుతాడు, అప్పుడు రెండో కాలో మోకాలో పోతుంది.

ఆటలోకి దిగాక ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆడేటప్పుడు బ్రేస్ వేసుకోండి. మెడికల్ షాపులో దొరికే పల్చటి సాగే యాంక్లెట్ వెచ్చగా ఉంటుంది తప్ప పాదం తిరగకుండా ఆపేంత బలం దానికి లేదు. లేసులతో బిగించేది, లేదా రెండు పక్కలా గట్టి పట్టీలున్నది తీసుకోండి. టేపు బాగానే పట్టుకుంటుంది గానీ అరగంట ఆడి చెమట పట్టాక వదులైపోతుంది. బ్రేస్ వేసుకుంటే కండరాలు బలహీనపడతాయని కొందరు భయపెడతారు. ఆడేటప్పుడు మాత్రమే వేసుకుని సాధన కొనసాగిస్తే ఆ భయం అక్కర్లేదు.

ఇంకా మానకపోతే

ఆరు వారాలు దాటినా లోతుగా నొప్పి, కీలు ఇరుక్కున్నట్టు అనిపించడం, మామూలు రోడ్డు మీద నడుస్తుంటేనే కాలు జారడం ఉంటే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కీలు ఎముక పైనున్న మృదులాస్థి దెబ్బతిని ఉండొచ్చు, బయటి ఎముక వెనకగా పోయే కండర బంధనం చీలి ఉండొచ్చు, మొదటి ఎక్స్‌రేలో కనబడని చిన్న పగులు కావచ్చు. వీటికి ఎంఆర్‌ఐ, ఒక్కోసారి సీటీ స్కాన్ అవసరమవుతాయి. ఈలోగా ఎప్పుడైనా పిక్క ఒక్కసారిగా ఉబ్బి, నొక్కితే నొప్పిగా ఉన్నా, ఊపిరి అందకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

సరిగ్గా మూడు నుంచి ఆరు నెలలు సాధన చేసినా కాలు మడతపడుతూనే ఉంటే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవచ్చు. స్వీడన్ సర్జన్ బ్రోస్ట్రోమ్ 1960ల్లో చెప్పిన పద్ధతిలో, సాగిపోయిన లిగమెంటును బిగించి ఎముకకు కుడతారు. దాని తర్వాత కూడా బలం, బ్యాలెన్స్, దూకుడు అన్నీ మొదటి నుంచి చేయాల్సిందే. "సాధన చేశాను" అన్నప్పుడు వారానికి ఎన్ని రోజులు, ఎన్ని వారాలు, ఏ వ్యాయామం అని డాక్టరు అడుగుతారు. కాలు ఎన్నిసార్లు మడతపడింది, ఏం చేస్తుండగా పడింది, గోడ పరీక్షలో ఎన్ని సెంటీమీటర్లు అన్నవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మొదటి రోజు తీయించిన ఎక్స్‌రే ఫిల్మ్‌తో పాటు తీసుకెళ్ళండి.